అంగిట్లో కాపడం

మా అత్త చుట్టను తిరగేసి కాల్చేది. అంటే నిప్పున్న కొస నోట్లో, చల్లటి కొస బయట. రాయ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ల చుట్టూ ఉండే హిందీవాళ్ళకు అదొక గారడీ. "బువా, ఏక్ బార్ ఫిర్ సే దిఖావో," అని పక్క క్వార్టరు ఆవిడ ఇంకోసారి చూపించమని బతిమాలితే అత్త పెదాలు బిగించి, మూతి పక్క నుంచి పొగ కాస్త వదిలి, తనకేమీ తెలియనట్టు బెండకాయలు తరుక్కునేది. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళకు మాత్రం అది గారడీ కాదు, అలవాటు. అడ్డపొగ అంటారు. గాలికి చుట్ట ఆరిపోదు, నుసి చీర మీద రాలదు, రెండు చేతులూ పనిలో ఉన్నా నోట్లో పొగ నడుస్తూనే ఉంటుంది. వంగి నాట్లు వేసే మనిషికి ఇంతకన్నా సదుపాయం ఏం కావాలి?

అత్త అంటే మా నాన్న అక్క. ఆవిడ మొగుడు రైలు పట్టాల గ్యాంగులో పనిచేస్తూ చిన్న వయసులోనే పోతే, ఆ ఉద్యోగం ఆవిడకిచ్చారు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, గునపం పట్టుకుని, మగవాళ్ళతో సమానంగా పట్టాల కింద రాళ్ళు కుదించింది. ఆ తరవాత మా నాన్నను తన దగ్గరికి పిలిపించుకుని వ్యాగన్ల షాపులో చేర్పించింది. మా అమ్మ నా పసితనంలోనే కన్నుమూసింది కనక నన్ను పెంచింది కూడా అత్తే. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నవి రెండు. ఒకటి వంకాయ పులుసు, రెండోది నోరు పెట్టుకు బతకడం. రెండోదే బాగా వంటబట్టిందని మా నాన్న అనేవాడు.

విశాఖ బండి దిగి మా ఇంటికొచ్చే ప్రతి చుట్టమూ అత్తకి చుట్టల కట్ట తేవాలి. అది రాసిపెట్టని చట్టం. పెళ్ళి శుభలేఖ మరిచిపోయి వచ్చినవాళ్ళను చూశాను కానీ చుట్టల కట్ట మరిచిపోయి వచ్చినవాళ్ళను చూడలేదు. ఛత్తీస్‌గఢ్‌లో దొరికే బీడీలంటే అత్తకి చిన్నచూపు. "ఆకులో గాలి సుట్టి అమ్ముతున్నారు ఎదవలు," అనేది.

నేను పళ్ళ డాక్టర్ని. రాయ్‌పూర్ కొత్తగా రాజధాని అయి, ఏ రోడ్డు చూసినా తవ్విపోసి ఉన్న రోజుల్లో చదువు ముగించి, టాటీబంధ్‌లో లారీల హారన్ల మధ్య చిన్న క్లినిక్ తెరిచాను. బీర్‌గావ్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళూ, వాళ్ళ ఆడవాళ్ళూ ఎక్కువగా వచ్చేవారు. ఆ ఆడవాళ్ళలో చాలామందికి గుడాఖు అలవాటు. పొగాకు, బెల్లం మడ్డి కలిపి చేసిన నల్లటి ముద్ద అది. పొద్దున్నే వేలితో చిగుళ్ళకు రుద్దుకుంటారు, మధ్యాహ్నం మళ్ళీ రుద్దుకుంటారు, ఊసుపోకపోతే ఇంకోసారి. కింది పెదవి లాగి చూస్తే, వేలు ఆనే చోట సరిగ్గా అంతమేర చర్మం తెల్లబడి, ముడతలు పడి, అంచులు ఎర్రగా కమిలి ఉండేది. "దాయీ, ఇది మానెయ్యాలి," అని అమ్మను పిలిచినట్టు పిలిచి చెబితే, "పళ్ళు తోముకోవద్దా బేటీ?" అని ఎదురడిగేవారు. కోపం వచ్చేది. కోపాన్ని దిగమింగి మళ్ళీ మొదటినుంచి చెప్పేదాన్ని.

ఏం చెప్పేదాన్నో ఇక్కడా చెబుతాను, ఎందుకంటే తరవాత జరిగినదంతా దాని మీదే నడిచింది. దెబ్బ తగిలిన చోట ఒళ్ళు ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, నొప్పెడుతుంది. మనం దాన్ని రోగమనుకుంటాం కానీ అది మరమ్మతు. రక్తంలోంచి కాపలా కణాలు వచ్చి చెత్త ఊడ్చేస్తాయి. పోయిన కణాల చోట కొత్తవి పుట్టడానికి కబుర్లు పంపుతాయి. పని అయిపోగానే వెళ్ళిపోతాయి. వెళ్ళిపోవాలి. కానీ అదే చోట రోజూ గాయం చేస్తూ పోతే అవి వెళ్ళవు, అక్కడే మకాం వేస్తాయి. కాపలా కణాలు క్రిములను చంపడానికి వాడే మందుగుండే పక్కనున్న మంచి కణాలకూ తగులుతుంది. వాటి లోపలి రాత చెడుతుంది. పైగా పుట్టండి, పుట్టండి అని కబుర్లు ఆగవు. చెడిన రాతతోనే కొత్తవి పుడతాయి. పొగాకులో విషం ఎటూ ఉంది, ఆ విషానికి ఈ ఆరని మంట తోడవుతుంది. ఏళ్ళ తరబడి అలా సాగితే, ఎవరి మాటా వినని కణం ఒకటి ఎక్కడో ఓ చోట తయారవుతుంది. క్యాన్సర్ అక్కడ మొదలవుతుంది. ప్రతి పుండూ అలా అవదు. కానీ మానని పుండును నమ్మకూడదు.

ఇంత బాగా ఊరందరికీ చెప్పే నేను మా ఇంట్లో మనిషి నోట్లోకి ఒక్కసారి కూడా చూడలేకపోయాను. అత్త చూడనివ్వలేదు. కాలనీలో అందరి పళ్ళూ నాకు చూపించింది, చెయ్యి పట్టుకుని మరీ లాక్కొచ్చింది. తన దగ్గరికొచ్చేసరికి కొంగు మూతికి అడ్డం. "ఆడది ఒకల ముందు నోరెల్లబెట్టి సూపించుకుంటాదేటే? సిగ్గు నేదా?" అనేది. పట్టాల మీద మగవాళ్ళతో గునపం పట్టిన మనిషికి నోరు తెరవడానికి సిగ్గు. నవ్వొచ్చేది, ఒళ్ళు మండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం కలిసి భోంచేస్తున్నాం. అత్త పప్పుచారు వద్దంది. పచ్చడి వద్దంది. పెరుగన్నం మెత్తగా పిసుక్కుని, ముద్ద నోట్లో పెట్టుకుని, నాలికతో ఒక పక్కకి నెట్టుకుంటూ మింగుతోంది. చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కునే మనిషి ఈవిడ. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అత్తా, నోట్లో ఏమైంది?"

"ఏటీ అవలేదు. పన్ను కాసింత నొప్పెడతంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"అన్నం తిననియ్యవా ఏటే? ఇంట్లో కూడా దవాఖానాయేనా?"

మా నాన్న కంచంలోంచి తల ఎత్తకుండా, "చుట్టలు కూడా ఎక్కువయ్యాయిలే," అన్నాడు. అత్త ఆయన్ని చూసిన చూపుకి ఆయన గ్లాసు పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

చుట్టలు ఎందుకు ఎక్కువయ్యాయో ఆ సాయంత్రం తెలిసింది. వసారాలో కూర్చుని అత్త కళ్ళు మూసుకుని చుట్ట పీలుస్తోంది. సరదాగా పీల్చే వాలకం కాదు. మందు తాగే మనిషిలా మొహం బిగించుకుని ఉంది. నిప్పు కొసను నాలికతో పైకి ఎత్తి ఒక చోట నిలిపి పెడుతోంది. ఏం చేస్తున్నావని అడిగితే, ఇంత మాత్రం తెలీదా అన్నట్టు చెప్పింది.

"కాపడం ఎట్టుకుంటన్నాను. మోకాలు పట్టేస్తే ఉప్పు మూట కాసి ఎట్టట్లేదా? ఇదీ అంతే. కాక తగిల్తే లోపల పుండు మాడిపోద్ది."

"పుండా? పన్ను నొప్పి అన్నావు కదా?"

అత్త నాలిక కరుచుకుంది. కానీ అప్పటికే మాట జారిపోయింది.

ఈ వైద్యం ఆవిడ ఒక్కదానిదే కాదని తరవాత తెలిసింది. మా వైపు నుంచి వచ్చిన పెద్దాడవాళ్ళందరిదీ అదే నమ్మకం. అంగిట్లో మంట పుడితే కాపడం పెట్టు, తగ్గుతుంది. కాసేపు తగ్గినట్టే ఉంటుంది కూడా, కాలిన చోట స్పర్శ పోతుంది కనక. మళ్ళీ మంట, మళ్ళీ కాపడం. బీర్‌గావ్ ఆడవాళ్ళు గుడాఖును పళ్ళపొడి అనుకున్నారు. మావాళ్ళు ఇంకో మెట్టు పైన ఉన్నారు. పుండు పెట్టిన నిప్పునే పుండుకు మందనుకున్నారు.

నేను అరిచాను. దాచుకోవడం దేనికి, బాగా అరిచాను. కాలనీ అంతా వినబడేలా అరిచాను. చచ్చిపోతావన్నాను. ఇంత చదివించి నా చదువును నీ వసారా మెట్ల కింద పాతేశావన్నాను. అత్త నాకన్నా గట్టిగా అరిచింది. నా గొంతు ఆవిడ దగ్గర అప్పు తెచ్చుకున్నదే కదా, అసలు గొంతు ముందు నిలవలేదు. ఏడుపొచ్చి, మెట్ల మీద ఆవిడ పక్కనే కూలబడ్డాను.

దూరంగా గూడ్సు బండి ఒకటి నెమ్మదిగా పోతోంది. ఎందుకంత నెమ్మదిగా పోతోందని మామూలుగానే అడిగాను.

"బండి మెల్లగా పోవాలని ఆడ కాషన్ ఎట్టినారు. నేల మెత్తన. ఎంత కుదించినా పట్టా దిగిపోతంది," అంది అత్త. చుట్ట ఇంకా చేతిలోనే ఉంది.

"మరి మీ గ్యాంగువాళ్ళు రోజూ వెళ్ళి కుదించొచ్చు కదా?"

"రోజూ కుదిస్తే మరీ పాడు. కింద రాయి నుగ్గయిపోద్ది. బురద పైకొచ్చేస్తది. రోజూ గ్యాంగు దిగే జాగా బాగున్న జాగా కాదే. పోయిన జాగా."

"అప్పుడేం చేస్తారు?"

"బండి ఆపాల. మొత్తం తవ్వి సూడాల. ఎంతమేర పోయిందో సూసి, సెడింది తీసేసి, మంచి రాయి ఎయ్యాల."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "అత్తా, నీ అంగిట్లో కూడా రోజూ గ్యాంగు దిగుతోంది. వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా రోజూ ఒకే చోట తవ్విపోస్తూ ఉంటే ఆ చోటు పోతుంది. నువ్వు బండి ఆపట్లేదు. ఎంతమేర పోయిందో నన్ను చూడనివ్వట్లేదు."

అత్త నా మొహంలోకి చూసింది. గూడ్సు బండి గార్డు డబ్బా దాటేదాకా అలాగే కూర్చుంది. తరవాత చుట్టను మెట్టుకేసి నలిపి, కొంగు తీసి, తల వెనక్కి వాల్చి నోరు తెరిచింది.

ఇంట్లో ఉన్న టార్చి తెచ్చి చూశాను. అంగిలి అంతా తెల్లగా, మందంగా, ఎండిన చెరువు నేలలా పగుళ్ళు వేసి ఉంది. ఆ తెలుపు మీద ఎర్రటి చుక్కలు. నడిమికి కాస్త పక్కగా నిప్పు ఆనే చోట పుండు, దాని వెనక పక్క మెరుస్తున్న ఎర్రటి మచ్చ. భయం వేసింది. పుస్తకంలో చూసినప్పుడు వెయ్యలేదు, పరాయివాళ్ళ నోట్లో చూసినప్పుడు ఇంతగా వెయ్యలేదు. కానీ టార్చి దించకుండా చివరిదాకా చూశాను. ఆ ఒక్క విషయంలో నన్ను నేను మెచ్చుకుంటాను.

మర్నాడే ఊళ్ళోని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి సర్జన్ పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. కాపలా కణాలు గుంపులుగా నిండి ఉన్నాయనీ, పై పొరలో కణాల వరస చెదిరిందనీ, ఇంకా క్యాన్సర్ హద్దు దాటలేదనీ వచ్చింది. ముందు నిప్పు ఆపాలి, ఆపి చూడాలి అన్నాడు ఆయన. అత్తకు తెలుగులో చెప్పాను. "అంటే ఇంకా బురద పైకి రానేదు," అంది. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

చుట్ట మానింది. మానడం అంటే అత్త మానినట్టు మానాలి. కాలనీలో ఎవర్నీ వదల్లేదు. పాలవాడితో పోట్లాట, పంపు దగ్గర పోట్లాట, మా నాన్న తుమ్మినా పోట్లాట. లవంగం బుగ్గన పెట్టుకుని సాధించింది మమ్మల్ని. ఊరినుంచి వచ్చిన చుట్టం ఒకాయన పాత చట్టం ప్రకారం కట్ట తీసి ఇస్తే, కడుపునిండా అన్నం పెట్టి, ఆ కట్ట మళ్ళీ ఆయన సంచిలోనే పెట్టి పంపించింది. ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటే నొచ్చుకున్నాడు, నాకు మాత్రం పండగలా ఉంది.

ఆదివారం భోజనాలయ్యాక టార్చి వేసి చూడటం మా ఇంటి ఆచారమైంది. నిప్పు ఆగితే ఒళ్ళు తనను తాను ఎలా బాగుచేసుకుంటుందో అప్పుడు కళ్ళారా చూశాను. ముందు ఎర్ర చుక్కలు చల్లబడ్డాయి. పుండు పూడింది. నెలలు గడిచేకొద్దీ తెలుపు పలచబడి, అడుగున గులాబీ రంగు కనబడటం మొదలైంది. అత్త పప్పుచారు దగ్గరికి వచ్చింది, తరవాత పచ్చడి దగ్గరికి వచ్చింది. ఒక రోజు పచ్చిమిరపకాయ కొరికి, "ఇది మన ఊరి కారం కాదే," అంది. మా నాన్న పీటమీంచి లేచి పక్క గదిలోకి వెళ్ళి ముక్కు చీదుకున్నాడు.

కానీ ఆ వెనక పక్క ఎర్ర మచ్చ మారలేదు. అంతా సర్దుకుంటున్నా అదొక్కటి అలాగే మెరుస్తోంది. నాకు నచ్చలేదు. మళ్ళీ పరీక్ష చేయించాలన్నాను.

అప్పుడు అత్త అరవలేదు. అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది. చిన్న గొంతుతో, "మానేసినాను కదే. నువ్వు సెప్పినట్టే సేసినాను కదే. మరింకెందుకు?" అంది.

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "అత్తా, నువ్వు మానడం వల్లే మిగతా అంగిలి నీకు దక్కింది. కానీ అక్కడ కొన్ని కణాలు అప్పటికే దారి తప్పాయేమో. దారి తప్పినవాటికి ఇంక నీ చుట్టతో పని లేదు, వాటంతట అవే పెరుగుతాయి. చిన్నగా ఉన్నప్పుడే తీసేస్తే అయిపోతుంది. నాకు ఆ నమ్మకం ఉంది," అన్నాను. నిజంగానే ఉంది. ఊరికే ధైర్యం చెప్పడానికి అన్న మాట కాదు.

పరీక్షలో క్యాన్సరే అని వచ్చింది. అప్పుడప్పుడే మొదలైంది. సర్జన్ ఆ మచ్చనూ, దాని చుట్టూ కొంతమేర మంచి భాగాన్నీ, పైన కాస్త ఎముకనూ తీసేశాడు. ఎక్కడికీ పాకలేదు. ఆపరేషను గదిలోకి వెళ్ళేముందు అత్త ఆయన్ని హిందీలో, "పూరా నికాల్‌నా సాబ్, ఆధా కామ్ నహీ మంగ్‌తా," అని, సగం పని చేసి వదలొద్దని హెచ్చరించింది. గ్యాంగులో కుర్రాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడింది. ఆయన చేతులు జోడించాడు.

తరవాత కొన్ని వారాలు కష్టంగా గడిచాయి. అంగిట్లో చిల్లు ఉంటే నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, మాట గాలిలో కలిసిపోతుంది. అత్త మాట్లాడటం మానేసింది. పంపు దగ్గరికి పోవడం మానేసింది. మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు, చూసి తట్టుకోలేకపోయాను. గాయం ఆరగానే, నాకు తెలిసిన కట్టుడుపళ్ళ నిపుణుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నేనే అచ్చు తీశాను. చిల్లును మూసే ప్లేటు అది, పళ్ళ సెట్టులా తీసి పెట్టుకోవచ్చు. అంచులు మళ్ళీ మళ్ళీ అరగదీసి, నున్నగా చేసి, అత్త నోట్లో పెట్టాను. ఏదైనా మాట్లాడమన్నాను.

అత్త కాసేపు నాలికతో తడిమి చూసుకుంది. "మీ నాన్న ఏడి? ఇన్ని దినాలు నా మాట నేదని కులాసాగా ఉన్నాడు కదా, పిలు," అంది. ప్రతి అక్షరమూ స్పష్టంగా వినబడింది.

ప్లేటు ఇస్తున్నప్పుడు నేను అత్తకు ఒకే మాట చెప్పాను. ఇది ఎక్కడైనా ఒరుసుకుంటే ఊరుకోవద్దు. ఒరుసుకుంటే ఎర్రబడుతుంది, పుండు పడుతుంది. ఏళ్ళ తరబడి నిప్పు సోకిన అంగిలి కదా, ఇంకో మానని పుండు అక్కడ పడనివ్వకూడదు. అత్త ఊఁ కొట్టింది. ఆ ఊఁ మీద నాకు నమ్మకం లేదు. జీవితమంతా దాచుకున్న మనిషి ఒక్క ఊఁతో మారుతుందా? ఆదివారాలు టార్చి పట్టుకుని వెంటబడాల్సిందే అనుకున్నాను.

కొన్నాళ్ళకు, వారం మధ్యలో ఓ పగటిపూట, క్లినిక్ కిక్కిరిసి ఉంది. బీర్‌గావ్ నుంచి వచ్చిన ఆడవాళ్ళు బెంచీల మీద కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఒకావిడ కింది పెదవి చూస్తూ తల ఎత్తితే, వాళ్ళ మధ్యలో అత్త. మా కాలనీ నుంచి టాటీబంధ్‌కు ఒక్కతే ఆటోలు మారి వచ్చింది. ఏమైంది అత్తా అంటూ లేచాను.

అత్త తన వంతు వచ్చేదాకా ఆగింది. కుర్చీలో కూర్చుని ప్లేటు తీసి చేతిలో పట్టుకుంది. నేను లైటు ఇంకా తిప్పనేలేదు. గది నిండా జనం చూస్తుండగా, తల వెనక్కి వాల్చి, వెడల్పుగా నోరు తెరిచింది. వేలితో అంచు దగ్గర చిన్న ఎర్రటి గీతను చూపించింది.

"పొద్దున్న ఒరుసుకుంది," అంది గాలి కలిసిన గొంతుతో. "కాపడం ఎట్టనేదు. నీకు సూపిద్దామని వచ్చీసినాను."

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని, ప్లేటు అందుకుని, అంచు అరగదీయడం మొదలుపెట్టాను. బెంచీ మీద ఉన్న ఆడవాళ్ళు మెడలు చాచి అత్త నోట్లోకి చూస్తున్నారు. అత్త మూసుకోలేదు, వాళ్ళ వైపు తిరిగి ఇంకా బాగా తెరిచింది.